రాజుగారి దద్దుర్లు

జ్ఞానప్రసూన రాజుగారైన సంగతి అమెరికాలో, జార్జియా రాష్ట్రపు కమ్మింగ్ ఊళ్ళో తెలుగువాళ్ళ ప్రతి ఇంటికీ తెలుసు. ఆ రాజ్యం చేతిదాకా వచ్చి ఎలా జారిపోబోయిందో మాత్రం కొందరికే తెలుసు. తెలిసినవాళ్ళూ సగం తప్పే చెబుతారు. వంకాయ మానేసింది కాబట్టి ఒళ్ళు బాగుపడిందని ఒకావిడ, దిష్టి తీయించుకుంది కాబట్టేనని ఇంకొకావిడ. వంకాయకీ ఆమె ఒంటికీ ఏ గొడవా లేదు. ఆ అమాయకపు కూరగాయ మీద పడ్డ నింద ముందు తుడిచేసి, జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం.

ప్రసూన తండ్రి నరసరావుపేటలో హార్మోనిస్టు. ఊళ్ళో ఎవరు నాటకం ఆడినా శ్రుతి ఆయనదే, రిహార్సళ్ళు వాళ్ళ ముందుగదిలోనే. ఓ మూల కూర్చుని హోంవర్కు చేసుకునే పిల్లకి ఎక్కాలకంటే ముందు రాజుగారి పద్యాలు నోటికొచ్చాయి. గొంతు కూడా దానికి తగ్గట్టే నిండుగా ఉండేది, ఎంత పైకి తీసుకెళ్ళినా కీచుమనేది కాదు. ఈ పిల్ల వెనకాల ఎవడో మగరాయుడు దాక్కుని పాడుతున్నాడని తండ్రి మురిసిపోయేవాడు. మురిసిపోవడం వరకే. స్కూల్లో ఎప్పుడు వేషం ఇచ్చినా చెలికత్తె వేషమే ఇచ్చేవాళ్ళు. రెండు మాటలు చెప్పి, చామరం వీచి లోపలికి వచ్చెయ్యాలి. రాజు వేషం కావాలని ప్రసూన ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వుతారని భయం. ఆ కోరిక మాత్రం కడుపులో అలాగే ఉండిపోయింది.

రెండువేల మూడులో రాఘవులుతో పెళ్ళయి అమెరికా వచ్చింది. రాఘవులు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగి. పదిమందిలో గొంతెత్తని మనిషి, మంచివాడు. అట్లాంటా శివార్లలో ఓ అపార్ట్‌మెంట్‌లో దిగారు. ఓ మధ్యాహ్నం పప్పు కలుపుతూ ప్రసూన ఒక పద్యం ఎత్తుకుంది. ఇంట్లో ఎవరూ లేరు కదా అని చివర రాగం తనివితీరా తీసింది. కింది ఫ్లాట్ వాళ్ళు పైన ఎవరినో చావబాదుతున్నారనుకుని పోలీసులకి ఫోన్ చేశారు. తలుపు తీసేసరికి ఎదురుగా ఆరడుగుల పోలీసు, ఈమె చేతిలో గరిటె. సంగతి తెలిశాక అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు గానీ, రాఘవులు మాత్రం చాలా రోజులు నవ్వలేదు. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడి భయాలు వేరు. రికార్డులో పడితే రేపు వీసా స్టాంపింగ్‌లో అడుగుతారేమో, కాస్త మెల్లగా పాడుకోకూడదా అని బతిమాలాడు.

నాటకపద్యం మెల్లగా పాడమనడం ఏనుగుని వంగి నడవమనడం లాంటిది. అందుకని ప్రసూన ఓ ఉపాయం కనిపెట్టింది. ఇక్కడి పడకగదుల్లో బట్టలు పెట్టుకునే క్లాజెట్ అంటే అలమరా కాదు, మనిషి లోపలికి వెళ్ళి తిరగగలిగినంత గది. కిటికీ ఉండదు. కింద కార్పెట్, రెండు వైపులా వేలాడే బట్టలు. తలుపేసుకుని ఎంత గట్టిగా పాడినా ఆ బట్టలే మింగేస్తాయి. ఆనాటి నుంచి రోజూ భోజనం కాగానే అందులోకి వెళ్ళి తలుపు వేసుకుని, కాసేపు రాజ్యం చేసి వచ్చేది. తరవాత పాప పుట్టింది, కమ్మింగ్‌లో సొంత ఇల్లు కొన్నారు. పక్కింటి గోడ వీళ్ళ గోడకి తగలదు, హాల్లో నిలబడి పాడినా అడిగేవాడు లేడు. అయినా అలవాటు పడ్డ ప్రాణం, క్లాజెట్‌లోకే వెళ్ళేది.

ఆ ఊళ్ళో నాటకాలంటే పద్మనాభంగారు. రోడ్ల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నాటకాలు రాయడం, వేయించడం, వేసేవాళ్ళ మీద కేకలెయ్యడం ఆయన పని. తెనాలిలో మూతపడిన ఓ నాటకసమాజం వాళ్ళ దుస్తులన్నీ ట్రంకుపెట్టెలతో సహా కొని ఓడలో తెప్పించుకున్నారు. మఖమల్ అంగీలు, జరీ ఉత్తరీయాలు, అద్దాలు అతికించిన కిరీటాలు. ఆయన బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చి ఆ దుస్తులు ఎక్కడ పెట్టాలా అని తంటాలు పడుతుంటే, మా క్లాజెట్ పెద్దదేనండీ అని ప్రసూన తనంతట తనే అంది. అవన్నీ వచ్చి తన చీరల పక్కన వరసగా వేలాడిన రోజున ఆమె సంబరం చెప్పలేం. ఇన్నాళ్ళూ చీరల మధ్య పాడింది, ఇకనుంచి నిండుసభలో పాడినట్టే. ఎర్ర మఖమల్ అంగీని చెంపకి ఆనించుకునేది. ఒక్కోరోజు తొడుక్కునే పాడేది.

కొన్ని నెలలకి దద్దుర్లు మొదలయ్యాయి. ముందు చీమ కుట్టినట్టుండేది, చూస్తుండగానే నూనెలో అప్పడంలా పొంగేవి. మెడ మీద అణిగితే వీపు మీద లేచేవి, వీపు మీద అణిగితే పెదవి వాచేది. ఫ్యామిలీ డాక్టరు అలర్జీ మాత్ర రాశాడు. వేసుకుంటే అణిగేవి, మానితే మళ్ళీ లేచేవి. మనవాళ్ళ వైద్యం ఉండనే ఉంది, తలా ఓ మాట. వంకాయ మానెయ్, గోంగూర మానెయ్, రొయ్య ముట్టకు, వేడి చేసింది మజ్జిగ తాగు. ప్రసూన అన్నీ మానేసింది. గుత్తివంకాయ అంటే ప్రాణం పెట్టే మనిషి, తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఆ గిన్నె దగ్గరికి రాగానే మొహం తిప్పుకుని ముందుకి పోయేది. దద్దుర్లు మాత్రం ఆమె త్యాగాన్ని లెక్కచెయ్యలేదు. ఏడాది దాటినా పోలేదు.

ఇలా ఉండగా పద్మనాభంగారు ఓ మధ్యాహ్నం కిరీటమొకటి కావాలని వచ్చారు. ఆ రోజు ఇంటి నుంచి పనిచేస్తున్న రాఘవులు తలుపు తీశాడు. మేడ మీద ఎక్కడో, మూసిన తలుపుల వెనక నుంచి, సన్నగా ఓ పద్యం వినిపిస్తోంది. పద్మనాభంగారు షూస్ విప్పబోతూ అలాగే మెట్టు మీద కూర్చుండిపోయారు. ప్రసూన చెమటలు తుడుచుకుంటూ కిందికి దిగేసరికి ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"అమ్మాయ్, ఇన్నేళ్ళూ రాజుని లోపల పెట్టి తలుపేశావా?" అన్నారు.

వచ్చే ఉగాదికి ఆయన కొత్త నాటకం రాశారు. కన్నకొడుకు చేసిన నేరానికి తనే తీర్పు చెప్పాల్సి వచ్చిన రాజు కథ. ఎప్పుడూ రాజు వేషం వేసే మల్లికార్జునరావు నిలబడితే నిలువెత్తు విగ్రహమే గానీ, పద్యం రెండో పాదానికి ఆయాసపడతాడు. ఈసారి రాజువి నువ్వేనని పద్మనాభంగారు ప్రసూనకి అక్కడికక్కడే చెప్పేశారు. ప్రసూనకి కాళ్ళు నేలమీద ఆనలేదు. కాఫీ కలిపి తెస్తానని వెళ్ళి, డికాక్షన్ ఫ్రిజ్‌లో పెట్టి పెరుగు గిన్నెతో తిరిగొచ్చింది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. వేషం వచ్చిందని సాధన రెట్టింపు చేసింది, దద్దుర్లూ రెట్టింపయ్యాయి. మొదటి రిహార్సల్ రోజున తీర్పు చెప్పాల్సిన రాజుగారి పెదవి ఇంత లావున వాచి, మాట ముద్దముద్దగా వచ్చింది. తరవాతి వారం కన్ను మూసుకుపోయింది. స్టేజి భయమని ఒకరు, ఆడలేక మద్దెల ఓడంటోందని ఒకరు చెవులు కొరుక్కున్నారు. ప్రసూన కారులో కూర్చుని ఏడ్చింది. ముప్ఫై ఏళ్ళుగా దాచుకున్న కోరిక ఎదురుగా వచ్చి నిలబడితే, తన చర్మమే అడ్డం పడుతోంది. పద్మనాభంగారు చెడ్డవారు కాదు, కానీ నాటకం విషయంలో ఆయనకి కన్నబిడ్డా లెక్కలేదు. ఉగాది లోపల ఒళ్ళు కుదుటపడితే నువ్వే, లేదంటే మల్లికార్జునరావు వేస్తాడని తేల్చిచెప్పారు.

అప్పుడు వెళ్ళింది అలర్జీ డాక్టరు అనీష్ దగ్గరికి. అతను ఇక్కడే పుట్టిన తెలుగబ్బాయి. పరీక్ష చెయ్యాలంటే వారం ముందునుంచి మాత్రలు మానెయ్యాలన్నాడు. ఆ వారం ఎలా గడిచిందో ప్రసూనకీ, ఆమె వీపుకి ఐసుముక్కలు అద్దిన రాఘవులుకీ తెలుసు. ముంజేతి మీద అనుమానమున్న పదార్థాల రసాలు వరసగా చుక్కలు పెట్టి, ఒక్కో చుక్కనీ సన్నగా గుచ్చి, కదలకుండా కూర్చోమన్నారు. వంకాయ చుక్క చల్లగా ఉంది. రొయ్య చుక్కా అంతే. పైన్ పుప్పొడీ అంతే. ఒక్క చుక్క మాత్రం ఎర్రబడి, పొంగి, రూపాయి బిళ్ళంతైంది. గోక్కోవడానికి వీల్లేక ప్రసూన పళ్ళు బిగించింది. వచ్చి చూసిన అనీష్ మొహం వెలిగిపోయింది.

"డస్ట్ మైట్," అన్నాడు. "చాలా చిన్న బగ్, కంటికి కనపడదు. మన స్కిన్ నుంచి రాలేది తింటది. మాట్రెస్, పిల్లో, కార్పెట్, అక్కడ ఉంటది. మన జార్జియాలో తేమ ఎక్కువ కదా, దానికి పండగ. కానీ నేను ప్రామిస్ చెయ్యను. ఇట్లా రోజూ వచ్చే హైవ్స్‌కి, అంటే దద్దుర్లకి, చాలామందికి కాజ్ దొరకదు. మైట్ అలర్జీ ఉన్నవాళ్ళలో కొంతమందికే, మైట్ తగ్గిస్తే ఇది తగ్గుతది. ట్రై చేద్దాం. మీరు ఇంట్లో ఎక్కువ టైమ్ ఎక్కడ ఉంటారు?"

వంటింట్లో, పడగ్గదిలో అంది ప్రసూన. క్లాజెట్ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఓ పెద్ద డాక్టరుకి, నేను రోజూ బట్టల మధ్య తలుపేసుకుని రాజునవుతానని ఎలా చెబుతుంది? పిచ్చిదనుకోడూ? మనవాళ్ళకి డాక్టరు దగ్గర రోగం చెప్పుకోవడానికి సిగ్గుండదు, రోగం తెచ్చిపెట్టిన సరదా చెప్పుకోవడానికి మాత్రం ఎక్కడలేని సిగ్గు.

ఇంటికొచ్చి యుద్ధం మొదలుపెట్టింది. పరుపుకీ దిండ్లకీ పురుగు దూరని కవర్లు తొడిగింది. దుప్పట్లు మరిగే నీళ్ళలో ఉతికింది. పడగ్గది కార్పెట్‌ని రాఘవులు వీకెండంతా కూర్చుని పీకి పారేశాడు. పొద్దున్నే ఒళ్ళు తేటగా ఉంటోంది. అమ్మయ్య అనుకునేలోపు సాయంత్రానికి మళ్ళీ దద్దుర్లు. ఉగాది దగ్గరపడుతోంది.

ఇంతలో ఆఫీసులో రాఘవులు కింద పనిచేసే ఒకతను, ఇల్లు మారుతూ భార్యాపిల్లలతో వచ్చి కొన్నాళ్ళు వీళ్ళింట్లో ఉన్నాడు. ఇంటినిండా జనం. క్లాజెట్‌లోకి వెళ్ళి తలుపేసుకోవడానికి ప్రసూనకి మొహమాటం అడ్డొచ్చింది. మరునాటికి దద్దుర్లు తగ్గుమొహం పట్టాయి, ఆ తరవాత అసలు కనపడలేదు. కవర్లు పనిచేశాయని ఆమె పొంగిపోయింది. వాళ్ళు వెళ్ళిన మధ్యాహ్నమే, బాకీపడ్డ సాధనంతా తీర్చుకోవాలని పరుగున క్లాజెట్‌లో దూరి, గుండెల నిండా గాలి పీల్చి పద్యం అందుకుంది. మూడో పాదం దాటకముందే మెడ మీద చురుక్కుమంది.

ప్రసూన పాట ఆపేసింది. చెయ్యి ఎర్ర మఖమల్ అంగీ మీదే ఉంది. దాన్ని ఒక్కసారి దులిపింది. బల్బు వెలుగులో సన్నని దుమ్ము లేచి, నెమ్మదిగా ఆమె మొహం మీదికే దిగింది. ఎన్ని దశాబ్దాల ధూళి, ఎంతమంది రాజుల ఒంటి పొట్టు ఆ నేతలో ఉందో! తను రోజూ ఈ మూసిన గదిలో, ఆ అంగీల మధ్య, గుక్కగుక్కకీ ఊపిరితిత్తుల అడుగుదాకా పీల్చుకుంది దాన్నే. చంకలో బిడ్డని పెట్టుకుని సంతంతా వెతికినట్టు వంకాయనీ గోంగూరనీ వెతికింది. తలుపు తోసుకుని బయటపడి, మెట్లు దిగుతూనే రాఘవులుకి ఫోన్ చేసింది. మీటింగ్‌లో ఉన్నానన్నాడు. ఉంటే ఉన్నారు గానీ, దొరికిందండీ, దొంగ దొరికిందండీ అని, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో చెప్పింది.

మరునాడు సిగ్గు పక్కన పెట్టి అనీష్‌కి అంతా చెప్పేసింది. అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. తరవాత, ఎంతసేపు పాడతారు, ఎంత గట్టిగా పాడతారు అని చిన్నపిల్లాడిలా అడిగాడు. అది చాలా పెద్ద క్లూ అనీ, అయినా అప్పుడప్పుడూ ఒకటీ అరా దద్దురు రావచ్చు, బెంగపడొద్దనీ చెప్పాడు. చివర్లో ఒక మాట అన్నాడు.

"బయట పాడండి ప్రసూనగారూ. ఎయిర్ ఉన్న చోట."

దుస్తులన్నీ ట్రంకుపెట్టెల్లోకి, పెట్టెలు గరాజ్‌లోకి వెళ్ళాయి. ప్రసూన మాత్రం లేక్ లేనియర్ ఒడ్డుకి వెళ్ళింది. పాపని స్కూలు బస్సెక్కించి, కారు తీసుకుని, జనం లేని రేవు చూసుకుని, నీళ్ళకేసి నిలబడి గొంతెత్తింది. మొదటి రోజు పోలీసు వస్తాడేమోనని నాలుగు వైపులా చూసింది. బాతులు తలెత్తి చూశాయి. పడవలో గాలం వేసుకుని కూర్చున్న ముసలాయన టోపీ తీసి ఊపాడు. రెండోరోజు దిక్కులు చూడలేదు. ఇన్నేళ్ళూ బట్టలు మింగేసిన రాగం నీళ్ళ మీద అలా సాగి, అవతలి ఒడ్డుకి తగిలి తిరిగొస్తుంటే, తన గొంతు ఇంతుందా అని తనే ఆశ్చర్యపోయింది. అది పైన్ చెట్లు పుప్పొడి రాల్చే కాలం. కార్లన్నీ పసుపు పూసుకున్నాయి. ఊరంతా తుమ్ముతూ కళ్ళు నులుముకుంటుంటే, మన దద్దుర్ల మనిషి ఒక్కత్తే ఆ పసుపుగాలి గుండెలనిండా పీల్చి పద్యాలు పాడింది. ఒళ్ళు తేటపడింది. రాఘవులు గుత్తివంకాయ కూర తనే వండిపెట్టాడు. ఉప్పెక్కువైంది. మొత్తం తినేసింది.

ఇక అంతా అయిపోయిందనుకున్నప్పుడు డ్రెస్ రిహార్సల్ వచ్చింది. ఎర్ర మఖమల్ అంగీ తొడుక్కోక తప్పదన్నారు పద్మనాభంగారు. మాత్ర వేసుకుని తొడుక్కుంది. రెండో రంగానికి పెదవి మళ్ళీ వాచింది. డ్రైక్లీనింగ్‌కి పట్టుకెళితే, ఆ పాతగుడ్డ ముట్టుకుంటే పీలికలవుతుందని వాళ్ళు చేతులెత్తేశారు. తరవాతి రిహార్సల్లో అందరి ముందూ ప్రసూన ఒక మాట అడిగింది. తను నూలు పంచె, నూలు ఉత్తరీయంతో వేస్తానంది. మఖమల్ వద్దు, పాత కిరీటం వద్దు.

పద్మనాభంగారు మండిపడ్డారు. "భటుడు కూడా జరీ కట్టుకుని నిలబడితే, తెల్లపంచెలో వచ్చినవాడు రాజని జనానికెలా తెలుస్తుందమ్మా?"

"పద్యం పాడితే తెలుస్తుందండీ," అంది ప్రసూన.

ఆయన చేతిలోని కిరీటాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చివరికి ఓ షరతు పెట్టారు. మల్లికార్జునరావు మఖమల్ అంగీ, కిరీటంతో స్టేజి పక్కన వింగ్‌లో సిద్ధంగా ఉంటాడు. మొదటి రంగంలో జనం నవ్వితే తెర వేయిస్తారు. తెర మళ్ళీ లేచేసరికి రాజు మారిపోతాడు. రాఘవులు అది అవమానమన్నాడు, మానెయ్యమన్నాడు. ప్రసూన ఆ షరతుకే ఒప్పుకుంది.

ఉగాది ప్రోగ్రాం ఊళ్ళోని హైస్కూలు ఆడిటోరియంలో జరిగింది. హాలు కిటకిటలాడుతోంది. తెర లేచింది. తళతళలాడే మంత్రులు, జరీ తలపాగాల భటులు. మధ్యలో సింహాసనం. ఆ సింహాసనం దగ్గరికి తెల్లటి నూలు పంచె, భుజాన ఉత్తరీయంతో ఒక మనిషి నడిచి వచ్చింది. ముందు వరసలో గుసగుస. రాజుగారు ఇంకా రాలేదా అని ఎవరో పైకే అడిగారు. కొందరు నవ్వారు. వింగ్‌లో పద్మనాభంగారి చెయ్యి తెర తాడు మీదికి వెళ్ళడం ప్రసూనకి కనిపించింది. అదే క్షణంలో మణికట్టు మీద ఒక దద్దురు చురుక్కుమంది. లేస్తే లేచిందిలే అనుకుంది. గాలి పీల్చి, కొడుకు వేషం వేసినవాడి మొహంలోకి చూసి, తీర్పు పద్యం ఎత్తుకుంది.

మొదటి పాదానికి నవ్వులు ఆగాయి. రెండో పాదానికి వెనక తలుపు దగ్గర పిల్లల్ని ఆడిస్తున్నవాళ్ళు లోపలికొచ్చి నిలబడ్డారు. కొడుకుకి శిక్ష వేస్తున్న తండ్రి గొంతు, శిక్ష వేస్తూనే ఏడుస్తున్న గొంతు, హాలు పైకప్పుదాకా లేచింది. చివరి పాదం మీద రాగం అందుకుంటే ఇక దించలేదు. దింపినప్పుడు హాల్లో చిన్న చప్పుడు లేదు. నచ్చలేదేమో అనుకుంది ప్రసూన.

అప్పుడు వింగ్‌లోంచి, ఆయాసంతో బొంగురుపోయిన ఓ గొంతు వినిపించింది.

"వన్స్ మోర్!"

హాలంతా అదే కేక అందుకుంది. కుర్చీలు దడదడలాడాయి. పద్మనాభంగారు తెర తాడు ఎప్పుడు వదిలేశారో ఆయనకే తెలియదు. ప్రసూన పక్కకి తిరిగి చూసింది. మల్లికార్జునరావు అప్పటికే కిరీటం తీసి కింద పెట్టేశాడు. ఎర్ర మఖమల్ అంగీ గుండీలు ఒక్కొక్కటే విప్పుకుంటున్నాడు.